పోర్షా 911 కరెరా ఎస్ (997 తరం): పాత చక్రాలకే కొత్త పూత వేయించాలా, వేరే జత కొనాలా?

ప్లేనో వాసి
నాది 2007 నాటి 997 కరెరా ఎస్. కంపెనీ నుంచి వచ్చిన 19 అంగుళాల చక్రాలే ఇప్పటికీ ఉన్నాయి: ముందు 8జె (8 అంగుళాల వెడల్పు), ఈటీ 57 (చక్రం మధ్యరేఖ నుంచి, ఇరుసు చివరి హబ్బుకు ఆనుకునే ముఖానికి ఉన్న దూరం, మిల్లీమీటర్లలో), వెనుక 11జె, ఈటీ 67. కుడివైపు రెండు రిమ్ముల అంచులు పార్కింగ్ గట్లకు రాసుకుని గీరుకుపోయాయి. స్పోకుల మొదళ్లలో పూత కింద తెల్లటి పొక్కులు కూడా లేచాయి. వీటికే పూత వేయించాలా, 20 అంగుళాల జతకు మారాలా అన్నది తేలడం లేదు. ఇంతలో ‘911కు సరిపోతుంది’ అంటూ ఒక వాడిన 19 అంగుళాల జత చవకగా అమ్మకానికి కనిపించింది. దాని వెనుక చక్రం 11జె, ఈటీ 51. ఈ పనులు చేయించినవారు దయచేసి చెప్పగలరు.

ఎడిసన్ గ్యారేజీ
ఆ వాడిన జత జోలికి వెళ్లకండి. 11జె, ఈటీ 51 అన్నది వెనుక భాగం వెడల్పుగా ఉండే, నాలుగు చక్రాలకూ ఇంజిను శక్తి అందే 4ఎస్ కార్ల కొలత. మీ కారుకు బిగిస్తే, ఈటీ 67 నుంచి 51కి తగ్గినంత మేర, ఒక్కో చక్రం 16 మిల్లీమీటర్లు బయటికి పొడుచుకు వస్తుంది. వెనుక కూర్చునేవారు ఎక్కగానే టైరు ఫెండరు అంచుకు తగిలే ప్రమాదం ఉంది. 5×130 పీసీడీ (130 మిల్లీమీటర్ల వ్యాసపు వలయంలో ఐదు బోల్టులు), 71.6 మిల్లీమీటర్ల నడిమి రంధ్రం రెండు కార్లకూ ఒకటే కాబట్టి బోల్టులు చక్కగా పట్టేస్తాయి, అమ్మేవారి ధీమా అంతా దాని మీదే. ఈటీ అంకె చక్రం మీదే అచ్చుపడి ఉంటుంది. ఏ జత కొన్నా బ్రేకు మసి తుడిపించి, ఆ అంకె కనిపించేలా ఫొటో అడగండి. పంపడానికి వెనకాడితే బేరం మానుకోవడమే మంచిది.

జూబ్లీహిల్స్ ఫ్లాట్‌సిక్స్
20 అంగుళాల సంగతి నేను చెబుతాను. 235/35 ఆర్19 (235 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 35 శాతం పక్కగోడ ఎత్తు, 19 అంగుళాల రిమ్ము) టైరు పక్కగోడ ఎత్తు 82 మిల్లీమీటర్లు. 235/30 ఆర్20కి వెళ్తే అది సుమారు 70కి దిగుతుంది. ప్లేనో రోడ్ల మీద ఇది పెద్ద లెక్క కాకపోవచ్చు గానీ, మా ఊళ్లో వాన వెలిశాక నీళ్ల కింద దాగిన గుంతలో పడినప్పుడు రిమ్మును కాపాడేది ఆ పన్నెండు మిల్లీమీటర్ల రబ్బరే. వంగేది కూడా చాలాసార్లు బయటి అంచు కాదు, మనకు కనిపించని లోపలి అంచు. స్టీరింగు వణికి, బ్యాలెన్సింగ్ యంత్రం మీద తిప్పి చూసేదాకా అది బయటపడదు. చూపు కోసం 20 వేసుకునేవారిని తప్పుపట్టను, కానీ ఆ కారుకు 19 అంగుళాలే అందం.

ఎడిసన్ గ్యారేజీ
పూత విషయానికి వద్దాం. పొక్కులు ఉన్నాయంటే పై పూత కింద అల్యూమినియం తినుకుపోతున్నట్టే, కనుక దాని మీదే మళ్లీ రంగు కొడితే అది ఎంతోకాలం నిలవదు. పాత పూతను రసాయనంతో పూర్తిగా ఊడదీయించి, సన్నని గాజు పూసలతో తేలికగా బ్లాస్టింగ్ చేయించి, పౌడర్ (కాల్చితే పూతగా మారే రంగు పొడి) చల్లే ముందే చక్రాన్ని ఒకసారి వేడి చేయించాలి. పోత లోహపు సూక్ష్మ రంధ్రాలలోని గాలి, నూనె అప్పుడే బయటికి పోతాయి. లేకపోతే అవి కాల్చేటప్పుడు తన్నుకొచ్చి పూత మీద సూదిమొన బెజ్జాలు పడతాయి.

ప్లేనో వాసి
పొయ్యిలో పెడితే అలాయ్ (చక్రపు మిశ్రమ లోహం) బలం తగ్గుతుందని ఒక మెకానిక్ భయపెట్టారు. నిజమేనా?

లోహం చదివినవాడు
ఆయన భయం పూర్తిగా అర్థం లేనిది కాదు. పోత చక్రాలకు విరివిగా వాడే ఏ356 మిశ్రమాన్ని సుమారు 540 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచి, నీటిలో చల్లార్చి, ఆ తర్వాత 150–170 డిగ్రీల దగ్గర కొన్ని గంటలపాటు ఉంచి గట్టిపరుస్తారు. పౌడర్ కాలేది 180–200 డిగ్రీల దగ్గర, పది ఇరవై నిమిషాలు. ఒక్కసారికి చెప్పుకోదగ్గ నష్టం ఉండదని నా అభిప్రాయం. అసలు చిక్కల్లా పొయ్యి ఉష్ణోగ్రతను సరిగా కొలవని చోట, రంగు నచ్చలేదని మళ్లీ మళ్లీ కాల్పించే చోట వస్తుంది. గ్యాసు మంటతో కాల్చి వంకర తీసేవారి దగ్గరికి మాత్రం వెళ్లకండి, అక్కడ ఎంత వేడి తగిలిందో ఎవరూ చెప్పలేరు. స్పోకులో పగులు ఉంటే వెల్డింగ్ మాట మరచిపోయి ఆ చక్రాన్ని మార్చేయండి.

నా దృష్టిలో రంగు కంటే ముఖ్యమైనది బోల్టు కూర్చునే గుంట. పోర్షా బోల్టు తల కింది భాగం గుండ్రం. చక్రంలోని గుంట కూడా దానికి తగిన గుండ్రమే. ఆ గుంటలకూ, హబ్బుకు ఆనుకునే వెనుక ముఖానికీ పౌడర్ అంటకుండా మూతలు పెట్టించండి. 60–100 మైక్రాన్ల పొర అక్కడ మిగిలితే నడకలో నలిగిపోతుంది, బోల్టు బిగువు సడలుతుంది. బయటి కంపెనీ చక్రాలలో చాలావాటికి శంకువు ఆకారపు గుంటలు ఉంటాయి. మీ పాత బోల్టులు వాటికి పనికిరావు, చేతికి బిగిసినట్టే అనిపించినా సరే.

ఎడిసన్ గ్యారేజీ
పై మాటకు నా చేర్పు: 997 యజమాని పుస్తకంలో బోల్టు బిగింపు 130 న్యూటన్ మీటర్లు, దాని తర్వాతి తరం 991కి 160. ఎయిర్ గన్‌తో కాక, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచితోనే బిగించి, వంద కిలోమీటర్లలోపు మరోసారి సరిచూడండి. ఉప్పు చల్లే మా న్యూజెర్సీ రోడ్ల మీద చక్రం హబ్బుకు అతుక్కుపోతుంది కాబట్టి, నడిమి రంధ్రపు అంచుకు అల్యూమినియం పేస్టు పలుచగా రాస్తాను, బోల్టు గుంటలకు మాత్రం రాయను.

జూబ్లీహిల్స్ ఫ్లాట్‌సిక్స్
సిరామిక్ బ్రేకులు ఉన్నవారు చక్రం తీసేటప్పుడు రెండు బోల్టులు విప్పి, ఆ రంధ్రాలలో గైడు పిన్నులు బిగించాకే మిగతావి విప్పాలి. చక్రం జారి డిస్కు అంచుకు తగిలి పెచ్చు ఊడితే, ఆ నష్టం నాలుగు చక్రాల పూత కంటే చాలా ఎక్కువ.

ప్లేనో వాసి
అందరికీ కృతజ్ఞతలు. 19 అంగుళాలకే పూత వేయిస్తాను. టైరు ఒత్తిడి సెన్సర్ల సంగతి?

ఎడిసన్ గ్యారేజీ
పొయ్యికి ముందే నాలుగూ తీయించండి, వాటిలోని బ్యాటరీ ఆ వేడికి ఆగదు. ఏడెనిమిదేళ్లు దాటినవైతే టైర్లు విప్పి ఉన్నప్పుడే కొత్తవి వేయించడం లాభం. పౌడర్ ఎక్కాక బ్యాలెన్సింగ్ బరువులు పెట్టాల్సిన చోట్లు మారతాయి కాబట్టి బ్యాలెన్సింగ్ కొత్తగా చేయించి, ఆ బరువులను లోపలివైపే, అంటించే రకమే పెట్టమనండి.