డెవలప్‌మెంట్ బ్రాంచ్‌కు ఏ నంబరు: 3.5నా, 3.5.0-డెవ్‌నా?

హన్మకొండ పోరడు:
మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ 3.4 విడుదలైంది. ఎనుమాముల మార్కెట్ అడ్తిదారులు వాడతారు. ఇప్పుడు మెయిన్ బ్రాంచ్‌కు, అంటే తర్వాతి వెర్షన్ కోడ్ రాసే చోటుకు, ఏ నంబరు పెట్టాలి? బేసి సంఖ్య మన పనికి, సరి సంఖ్య జనానికి; 3.5లో పనిచేసి 3.6గా వదులుదాం అంటాడు మా సీనియర్. నేనేమో 3.5.0-డెవ్ (ఇంకా తయారీలో ఉన్న 3.5.0) అంటున్నా. ఏమంటరు?

మడికొండ డెవ్:
తమ్మీ, బేసి-సరి పాత ముచ్చట. లినక్స్‌లో 2.4 జనానికి, 2.5 ప్రయోగాలకు ఉండేవి. 2003 డిసెంబర్‌లో 2.6 వచ్చాక 2.7 తెరవనే లేదు. లినక్స్ డెస్క్‌టాప్ గ్నోమ్ కూడా 3.38 తర్వాత ఏకంగా 40కి దూకి, విడుదలకు ముందువాటికి ఆల్ఫా, బీటా, ఆర్‌సీ అని రాసుకుంటోంది. మధ్యలో 3.5 ఏమైందని షావుకారు అడిగితే ఎవరు చెప్పాలె?

కాజీపేట జంక్షన్:
పాతదే, కానీ పెర్ల్ భాషోళ్లు ఇంకా వదల్లేదు. 5.37లో పని, 5.38 విడుదల. సుఖమేందంటే అన్నీ అంకెలే, ఏ టూలు పోల్చినా వరుస తప్పదు. డెవ్ లాంటి తోక తగిలించారా, ఒక్కో టూలుది ఒక్కో తీర్పు. సెమ్‌వర్ అనే వెర్షన్ నంబర్ల నియమాల్లో 3.5.0-డెవ్ అంటే 3.5.0 కంటే ముందుది. డెబియన్ లినక్స్ ప్యాకేజీకి అదే పేరు పెడితే అసలు విడుదల కంటే కొత్తదనుకుంటుంది, 3.5.0 వచ్చిన రోజు అప్‌గ్రేడ్ కాదు. అక్కడ గీత బదులు టిల్డే (~) పెట్టాలి. కోడ్ చరిత్ర చూసి వెర్షన్ పేరు కట్టే గిట్ డిస్క్రైబ్ కమాండ్ ఇంకా ఘోరం. 3.4.0 తర్వాత 12 కమిట్లు (కోడ్ మార్పులు) పడితే 3.4.0-12 అని మొదలుపెడుతుంది. సెమ్‌వర్ లెక్కలో అది 3.4.0 కన్నా పాతది!

మడికొండ డెవ్:
టిల్డే ఒక్కసారి స్క్రిప్టులో రాస్తే అయిపాయె. టెస్టింగ్ బిల్డ్ పొరపాటున దుకాణంలోకి పోతే, తెరమీద 'డెవ్' చూడంగనే పట్టేస్తం. 3.5 అని ఉంటే ఎవరికి అనుమానమొస్తది?

భద్రకాళి బండ్:
దుకాణాల్లో ఉండేవి విండోస్ కంప్యూటర్లే కదా? ఎంఎస్ఐ ఇన్‌స్టాలర్ వెర్షన్‌లో అంకెలు తప్ప ఏవీ పట్టవు. అప్‌గ్రేడ్‌కు మొదటి మూడే చూస్తుంది, నాలుగోది లెక్కలోకి రాదు. డెవ్ బిల్డుకూ విడుదలకూ లోపల 3.5.0 అనే ఉంటే, మామూలుగా ఒకదాన్ని ఇంకోటి అప్‌గ్రేడ్ చేయదు.

హన్మకొండ పోరడు:
ఎంఎస్ఐనే అక్కా. అయితే మూడో స్థానంలో బిల్డ్ నంబరు పెంచుకుంటూ పోయి, తెరమీద మాత్రం డెవ్ అని చూపిస్తే? విడుదల లోపల 3.5.240 అయినా, షావుకారుకు 3.5 అని కనబడితే చాలు కదా?

కాజీపేట జంక్షన్:
నడుస్తది, ఎంఎస్ఐలో ఆ మూడో అంకె 65535 దాటనంత వరకు. కానీ అది నువ్వన్నదీ కాదు, మీ సీనియర్ అన్నదీ కాదు. ముందు ఆయన్ను ఒప్పించు.