యానిమేషన్ సినిమాకి ఉత్తమ చిత్రం ఆస్కార్ ఎందుకు రాకూడదు?

ఒక స్నేహితుడితో వాదన తెగడం లేదు, కాస్త సాయం చేయండి. యానిమేషన్‌కి విడిగా ఒక అవార్డు ఉంది కదా, అది చాలు అంటాడు వాడు. నాకైతే ఆ విభాగమే అడ్డుగోడలా కనిపిస్తోంది. ఇప్పటిదాకా ఉత్తమ చిత్రం నామినేషన్ దక్కినవి మూడే: బ్యూటీ అండ్ ద బీస్ట్ (1991), అప్ (2009), టాయ్ స్టోరీ 3 (2010). ఒక్కటీ గెలవలేదు. అదే బెర్లిన్ చిత్రోత్సవంలో 2002లోనే జపాన్ యానిమేషన్ సినిమా స్పిరిటెడ్ అవేకి అక్కడి అత్యున్నత అవార్డు గోల్డెన్ బేర్ ఇచ్చారు, ఇంకో సినిమాతో కలిపి అనుకోండి.

వాడి అసలు పాయింట్ నటన. తెర మీద మనిషే లేనప్పుడు నటన ఎక్కడిది అంటాడు. అప్ మొదట్లో ఒక్క మాట లేకుండా భార్య రోజూ టై కడుతూ ఉండగానే ఒక జీవితమంతా గడిచిపోతుంది. అది చూశాక కూడా ఈ మాటేనా అనిపించింది గానీ, గట్టి జవాబు మాత్రం దొరకలేదు.

యానిమేటర్ చేసే పనిని నటన అనొచ్చా? ఈ రంగంలో ఉన్నవాళ్లు ఎవరైనా చెప్పగలరా? వాడికి చూపించదగ్గ సినిమాలుంటే అవీ చెప్పండి. పిల్లల సినిమా అని కొట్టిపారేయలేనివైతే మరీ మంచిది.