ప్రెస్‌లకు స్ట్రోకులు (దెబ్బలు) లెక్కపెట్టే కౌంటరు ఏది మంచిది? పాతవి తీసేసి అన్నీ ఎలక్ట్రానిక్ పెట్టాలా?

ప్రెస్‌షాపు సూపర్‌వైజర్:
మా దగ్గర ఆరు పవర్ ప్రెస్‌లున్నాయి. అన్నిటికీ ర్యామ్ (కిందికీ పైకీ కదిలి కొట్టే భాగం) పక్కన లివర్‌తో తిరిగే మెకానికల్ కౌంటర్లే. నాలుగు మిషన్లు నిమిషానికి 60 స్ట్రోకులు, రెండు మాత్రం 300. అన్నీ తీసేసి ఎలక్ట్రానిక్ పెట్టమని పైనుంచి ఒత్తిడి. కాయిల్‌తో (కరెంటు వచ్చినప్పుడు అయస్కాంతంలా లాగే తీగచుట్ట) నడిచే ఎలక్ట్రికల్ కౌంటరు చాలని కొందరంటున్నారు. మీరేమంటారు?

ఫిట్టర్:
పనిచేస్తున్నదాన్ని పీకొద్దండీ. లివర్ కౌంటరుకు కరెంటు అక్కర్లేదు, వైరింగ్ అక్కర్లేదు. కరెంటు పోయినా అంకె చెరగదు. చెడినా కంటికి కనిపిస్తుంది: పళ్ల చక్రాన్ని తోసే చిన్న నాలుక అరుగుతుంది, లేదా స్ప్రింగు వదులవుతుంది. మూత విప్పి పది నిమిషాల్లో సరిచేస్తాను.

ప్యానెల్ పనివాడు:
అన్నా, 60 స్ట్రోకుల మిషన్ల వరకు ఒప్పుకుంటాను. 300 దగ్గర ఆ లివర్ రోజంతా సమ్మెట దెబ్బలు తింటున్నట్టే. పైగా మీ దగ్గరున్న మామూలు లివర్ కౌంటర్లు లెక్క చూపిస్తాయి తప్ప మిషన్‌ని ఆపలేవు. 5,000 దగ్గర ఆగాలంటే ప్రీసెట్ (ముందే పెట్టుకునే లెక్క), రిలే (ఆ లెక్క చేరగానే మిషన్‌ని ఆపే స్విచ్) ఉన్న ఎలక్ట్రానిక్ పెట్టుకోవడం మేలు.

మెయింటెనెన్స్ ఎలక్ట్రీషియన్:
కాయిల్ కౌంటరు గురించి ఒక మాట. దాని మీద సెకనుకు 10 లెక్కలు అని ఉంటే, 300 స్ట్రోకులంటే సెకనుకు 5 కదా, సరిపోతుందనుకుంటాం. నేనూ అలాగే అనుకుని బిగించాను. సగం స్ట్రోకులు లెక్కపడలేదు. కాయిల్ నమ్మకంగా లాగాలంటే కరెంటు కనీసం 50 మిల్లీసెకన్లు నిలవాలి. 300 స్ట్రోకుల దగ్గర ఒక చుట్టు 200 మిల్లీసెకన్లు. మా క్యామ్ (షాఫ్టుతో తిరిగే ఉబ్బు చక్రం) లిమిట్ స్విచ్‌ని (నొక్కితే మూసుకునే స్విచ్) చుట్టులో 30 డిగ్రీలే నొక్కి ఉంచేది. అంటే సుమారు 17 మిల్లీసెకన్లు! చాలాసార్లు కాయిల్ పూర్తిగా కదిలేలోపే కరెంటు తెగిపోయేది. క్యామ్‌ని 120 డిగ్రీలకు మార్చాక 67 మిల్లీసెకన్లు దొరికాయి. అప్పటినుంచి ఒక్క అంకె తప్పలేదు. డీసీ కాయిల్ అయితే దాని రెండు కొసల మధ్య డయోడు తిరగేసి పెట్టడం మరవకండి, లేకపోతే స్విచ్ కాంటాక్టులు కాలిపోతాయి.

ఫిట్టర్:
చూశారా, ఎలక్ట్రానిక్ లేకుండానే పని జరిగింది. ఎలక్ట్రానిక్ కౌంటర్లు ఎక్కువ చూపిస్తాయని అందరూ ఏడుస్తున్నారు.

ప్యానెల్ పనివాడు:
ఎక్కువ చూపిస్తే తప్పు బిగింపుది, కౌంటరుది కాదు. లిమిట్ స్విచ్ మూసుకునేటప్పుడు కాంటాక్టులు కొన్ని మిల్లీసెకన్లు దడదడలాడతాయి. కాయిల్ మందకొడిది కాబట్టి దానికి అది తెలియదు. ఎలక్ట్రానిక్ మాత్రం ప్రతి అదురునూ లెక్కపెడుతుంది. అందుకే చాలా కౌంటర్లలో స్విచ్‌ల కోసం 30 హెర్ట్జ్ (సెకనుకు 30 లెక్కలకు మించకుండా) సెట్టింగు ఉంటుంది, అది పెట్టుకోవాలి. లేదా ప్రాక్సిమిటీ సెన్సర్ (తాకకుండానే లోహాన్ని గుర్తించేది) వాడండి, ఆ బాధే ఉండదు. సెన్సర్ వైరు షీల్డు (చుట్టూ లోహపు తొడుగు) ఉన్నదై ఉండాలి, మోటారు కేబుల్ పక్కనే లాగకూడదు. ఒక చోట మిషన్ ఆగి ఉన్నా, పక్కన కాంటాక్టర్ (మోటారుకు కరెంటిచ్చే పెద్ద స్విచ్) పడినప్పుడల్లా అంకె పెరిగేది. వైరు దారి మార్చగానే ఆగిపోయింది.
అన్నట్టు, ఎన్‌కోడర్‌తో (తిరిగేకొద్దీ పల్సులిచ్చే సెన్సర్) పొడవు కొలిచే చోటైతే ఈ చర్చే అక్కర్లేదు. చుట్టుకు 1,000 పల్సులు, నిమిషానికి 300 చుట్లంటే సెకనుకు 5,000 పల్సులు. అక్కడ ఎలక్ట్రానిక్ ఒక్కటే దారి.

మెయింటెనెన్స్ ఎలక్ట్రీషియన్:
సూపర్‌వైజర్ గారూ, ఇంతకీ మీకు కావాల్సింది స్ట్రోకుల లెక్కా, పీసుల లెక్కా? షీట్ లేకుండా ప్రెస్ ఊరికే కొట్టినా లివర్‌కి అదొక లెక్కే.

ప్రెస్‌షాపు సూపర్‌వైజర్:
నిజమే, మా గొడవంతా అక్కడే! కౌంటరు అంకెకీ ట్రేలో పీసులకీ పొంతన కుదరక రోజూ ఆపరేటర్‌నే తిడుతున్నాం. అయితే 300 స్ట్రోకుల ప్రెస్‌లు రెండిటికీ, పీసులు జారే చ్యూట్ (ఏటవాలు దారి) దగ్గర సెన్సర్, ప్రీసెట్ కౌంటరు అడుగుతాను. మిగతా నాలుగింటికి లివర్లు అలాగే ఉంచుతాను. డై (షీట్‌ని కోసే అచ్చు) అరుగుదల చూడ్డానికి స్ట్రోకుల లెక్క ఎలాగూ కావాలి.

ఫిట్టర్:
ఆ రెండిటికి కూడా లివర్ తీయకండి. రెండు అంకెలూ పక్కపక్కన కనిపిస్తే ఎన్ని దెబ్బలు వృథా అయ్యాయో ఆ షిఫ్టులోనే తెలుస్తుంది.