క్రిలోవ్ ‘క్వార్తేత్’: బాసా, బసానా?

లక్ష్మి, మాస్కో: రష్యన్ క్లాసులో ఈ వారం వాద్యాల పేర్లు. స్క్రీప్క వయొలిన్, బరబాన్ డ్రమ్ము, త్రుబా ట్రంపెట్టు (పొగగొట్టమూ అదేనట)... ఇలా బట్టీ పడుతుంటే రష్యన్ కవి క్రిలోవ్ ‘క్వార్తేత్’ (క్వార్టెట్, నలుగురి వాద్యగోష్ఠి) నీతికథలో ఒక పాదం సగం గుర్తొచ్చి వదలడం లేదు. కోతి, గాడిద, మేకపోతు, ఎలుగుబంటి కచేరీకి సరంజామా పోగేసే చోటు: “దస్తాలి నోత్, ... అల్తా, ద్వే స్క్రీప్కి”. మధ్యలో ఉన్నది ‘బాస్’ అనే మాటేనా? అయితే అది ఏ వాద్యం? మాకు చెల్లోకి వియలన్‌చేల్ అనీ, డబుల్ బేస్‌కి కంత్రబాస్ అనీ నేర్పారు.

గోదారిగట్టు: “దస్తాలి నోత్, బసా, అల్తా, ద్వే స్క్రీప్కి”, అంటే స్వరాల కాగితాలు, బాస్, వయోలా (అల్త్), రెండు వయొలిన్లు సంపాదించారని. నొక్కి పలికే అచ్చుకే దీర్ఘం పెట్టి రాస్తున్నాను. వాద్యం సంగతి అటుంచండి, చిక్కంతా ఆ చివరి ‘ఆ’ దగ్గరుంది. బాస్, అల్త్ రెండూ ప్రాణం లేని పుంలింగాలు, ద్వితీయలో రూపం మారకూడదు. మరి ఈ ‘ఆ’ ఎక్కడిది?

పాత పుస్తకం: షష్ఠి అండీ. ‘నోత్’ కూడా షష్ఠే కదా, ‘కొన్ని’ అనే అర్థంలో. దాని వెంటే ఇవీ వచ్చాయి.

గోదారిగట్టు: స్వరాల కాగితాలు కొన్ని తెచ్చారంటే ఒప్పుకుంటాను. వయోలా కొంత తేవడమేమిటండీ, కిలో ఉల్లిపాయలా? పైగా పక్కనే ‘ద్వే స్క్రీప్కి’ శుభ్రంగా ద్వితీయలో ఉంది. నా లెక్క వేరు. పేకలో ఆసును తూస్ అంటారు. ద్వితీయలో అది ‘తుజా’ అవుతుంది, ప్రాణమున్న మాటలాగే. గపాక్ నాట్యం చేసినా ‘గపకా’ చేశామంటారు. బాస్, అల్త్ గొంతులకూ ఆ గొంతున్న గాయకులకూ పేర్లే. ఆ మనుషుల వాసన వాద్యాలకూ అంటింది.

పాత పుస్తకం: వాసనతో వ్యాకరణం నడవదు సార్.

గణవిభజన: మీ ఇద్దరూ ‘బసా’ అని ఎంత తేలిగ్గా రాసేశారు! ఇప్పటి నిఘంటువు చూడండి, నొక్కు మొదటి అక్షరం మీద: ‘బాస’. ‘అల్తా’తో పేచీ లేదు, కింద కోతి దాన్నే ‘నె తా’తో ప్రాస కలిపింది. బాస్‌కి ఆ సాక్ష్యం ఏది?

గోదారిగట్టు: నడకే సాక్ష్యం. క్రిలోవ్ పాదాల పొడవు పెరుగుతుంది, తరుగుతుంది గానీ ఈ కథలో నడక ఎక్కడా అయాంబ్ (నొక్కు లేని అక్షరం, వెంటనే నొక్కున్న అక్షరం) తప్పదు. లెక్కపెట్టండి: ద‑స్తా‑లి‑నోత్‑బ‑సా‑అల్‑తా‑ద్వే‑స్క్రీప్‑కి. నొక్కు సరిసంఖ్య స్థానాల్లోనే పడాలి. ‘సా’ ఆరోది. ఒక్కక్షరం మాట ఎక్కడైనా సర్దుకుంటుంది, అందుకే తొమ్మిదిలో ‘ద్వే’ చెల్లింది. పాదం నడుమ రెండక్షరాల మాటకు ఆ వెసులుబాటు లేదు. మనకు గురులఘువులు పలికే కాలాన్ని బట్టి, వాళ్లకు నొక్కును బట్టి. అంతే తేడా, గణభంగం ఎక్కడైనా గణభంగమే.

గణవిభజన: అయితే ఇది వినండి. అదే కోతి ఎలుగుతో అంటుంది: “తీ స్ బాసమ్, మీషెన్క, సదీస్ ప్రతీవ్ అల్తా” (మీషెన్కా, నువ్వు బాస్‌తో వయోలాకి ఎదురుగా కూర్చో). ఇక్కడ నొక్కు రెండో స్థానంలో, అంటే ‘బా’ మీద. మీ ‘బసా’ నిజమైతే ఇది ‘బసోమ్’ కావాలి కదా? ఒకే కథలో ఒకే మాట రెండు రకాలా?

గోదారిగట్టు: అవును, రెండు రకాలే. మీరు ఉదహరించిన పాదంలోనే ‘ప్రతీవ్’ ఉంది. దాని కిందే “యా, ప్రీమ, స్యాదు ప్రోతివ్ వ్తోరి” (మొదటి వయొలిన్ నేను, రెండోదానికి ఎదురుగా కూర్చుంటా). ప్రతీవ్ ఒకచోట, ప్రోతివ్ ఒకచోట, వరస పాదాల్లో! ఆయనకు అలవాటేనండీ.

గణవిభజన: అది విభక్తి లాంటి మాట, పక్క మాటకు ఆనుకుని పోతుంది, నొక్కు ఉన్నా లేనట్టే. నామవాచకాన్ని దాంతో పోల్చకండి.

సంధ్యారాగం: మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. ‘బసా’ అంటే రెండో చోట మాట తప్పాడు, ‘బాస’ అంటే నడక తప్పాడు. ఎలా చూసినా క్రిలోవ్ బాస తప్పినట్టే 😄

నేవా తీరం: నొక్కు మార్చడం క్రిలోవ్ సొత్తేమీ కాదు. పూష్కిన్ పద్యనవల ‘అనేగిన్’ అయిదో అధ్యాయంలో తత్యాన పేరుగింటి విందు: “ముజీక బూదెత్ పల్కవాయ”, సైనిక పటాలం బ్యాండు వస్తోందహో అని. ఇప్పుడు అందరూ ‘మూజిక’ అంటారు. అప్పట్లో రెండూ చెల్లేవి. క్రిలోవ్ ఈ కథలో ‘మూజిక’నే వాడాడు. ఆ అధ్యాయం మొత్తం ఒకసారి పైకి చదవండి, విందు సందడి చెవిలో పడుతుంది. ఆ ఒక్క పాదం కోసం నేను రష్యన్ నేర్చుకున్నానంటే మావాళ్లు నవ్వుతారు.

పాత పుస్తకం: పూష్కిన్ వచ్చాడంటే ఇక చర్చ అయిపోయినట్టే.

నేవా తీరం: ఏమండీ, క్రిలోవ్ మాత్రం తక్కువవాడా! వయొలిన్ చక్కగా వాయించేవాడు, క్వార్టెట్లలో కూర్చునేవాడు. ఎవరు ఏ కుర్చీలో కూర్చోవాలన్న గొడవ కళ్లారా చూసినవాడు రాసిన కథ ఇది. ఇది 1811 నాటిది. 1810లో రష్యా రాజ్యమండలిని (చక్రవర్తి సలహా సభ) నాలుగు శాఖలు చేసినప్పుడు పెద్దమనుషులు కుర్చీల కోసం పడిన తగవే ఇది అని ఒక వాదం. కాదు, నాలుగు విభాగాలుగా కూర్చున్న ‘బెసేద’ సాహిత్య సభను వెక్కిరించాడని ఇంకో వాదం. నా ఓటు రెండోదానికి. సొంత సభనే ఆటపట్టించే గుండె ఆయనకుంది.

గోదారిగట్టు: నా ఓటు మొదటిదానికి. కవులు కుర్చీ కోసం కొట్టుకోరు, ప్రాస కోసం కొట్టుకుంటారు.

లక్ష్మి, మాస్కో: అందరికీ థాంక్స్ అండీ. ఇంతకీ చెల్లోనా, డబుల్ బేసా? రేపు టెస్టు, టెన్షన్‌గా ఉంది.

పాత పుస్తకం: క్వార్టెట్ అన్నాక రెండు వయొలిన్లు, వయోలా, చెల్లో. చెల్లోనే అమ్మా. టెస్టులో మాత్రం వియలన్‌చేల్ అనే రాయండి, బాస్ అని రాస్తే గొంతు అనుకుంటారు. ఎలాగూ మాస్కోలోనే ఉన్నారు కదా, పత్రియార్షియె చెరువు దగ్గర 1976లో పెట్టిన క్రిలోవ్ విగ్రహం ఉంది. చుట్టూ ఆయన కథల్లోని జంతువులు. అటు వెళితే ఎలుగు చేతిలో ఏముందో చూసి ఫొటో పెట్టండి.

గణవిభజన: ఫొటోలో నొక్కు కనపడదండీ. గోదారిగట్టు గారూ, ‘బసోమ్’ సంగతి ఇంకా తేల్చలేదు.

గోదారిగట్టు: భోంచేసి వస్తాను.