కరాచీ పోర్టు కూలిందని చెప్పిన రాత్రి: టీవీలది దేశభక్తా, టీఆర్పీనా?

కృష్ణాతీరం:
2025 మే 8 రాత్రి, ఆపరేషన్ సిందూర్‌తో పాకిస్తాన్‌తో పోరు నడుస్తుండగా, టీవీ ముందు కూర్చున్న వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. కరాచీ పోర్టు ధ్వంసం, ఇస్లామాబాద్ మన చేతికి, పాక్ ఆర్మీ చీఫ్ అరెస్ట్. తెల్లారేసరికి ఒక్కటీ నిజం కాదు. స్టూడియోలో యుద్ధ సైరన్లు మోగిస్తుంటే, వాటిని వాడొద్దని చివరికి కేంద్రమే చెప్పాల్సి వచ్చింది. అటువాళ్ళూ శుద్ధపూసలేం కాదు. వాళ్ళ ఉప ప్రధాని ఇషాక్ దార్ తమ ఎయిర్‌ఫోర్స్‌ని పొగిడిన ఓ బ్రిటిష్ పేపర్ మొదటి పేజీ అంటూ సెనేట్‌లో గొప్పగా చెప్పుకుంటే, ఆ పేజీ దొంగదని తేల్చింది పాకిస్తాన్ పత్రిక డాన్. మన దగ్గర ఆ డాన్ యూట్యూబ్ ఛానెల్‌ని ఏప్రిల్‌లోనే బ్లాక్ చేశారు. పక్క దేశం గురించి మనకున్న అభిప్రాయంలో మనది ఎంత, ఛానెళ్ళు ఎక్కించింది ఎంత అన్నదే నా ప్రశ్న.

సికింద్రాబాద్_రవి:
బ్రదర్, మీరు సగమే చెప్తున్నారు. మే 11 ప్రెస్ మీట్‌లో వైస్ అడ్మిరల్ ప్రమోద్ గారు ఏమన్నారు? కరాచీతో సహా లక్ష్యాలని కొట్టడానికి నేవీ పూర్తి సిద్ధంగా ఉందన్నారు. అంటే టీవీవాళ్ళు గాల్లోంచి పుట్టించలేదు, కాస్త ముందుకెళ్ళారంతే. యుద్ధంలో మైండ్ గేమ్ ఉంటుంది.

కృష్ణాతీరం:
సిద్ధంగా ఉండటం వేరు, కొట్టడం వేరు. పైగా ఆ మైండ్ గేమ్ ఎవరి మీద? కరాచీలో ఉండేవాడు మేడెక్కితే వాడి పోర్టు వాడికి కనిపిస్తుంది. ఆ రాత్రి మోసపోయింది మనమే కదా.

సికింద్రాబాద్_రవి:
సిద్ధంగా ఉంది అన్నది నిజమా కాదా? అవును కాదు అని చెప్పండి.

డెస్క్‌బాబు:
అంత వ్యూహం ఎక్కడిదండీ. నేనో తెలుగు ఛానెల్ డెస్క్‌లో పనిచేసి బయటికొచ్చాను. హిందీ ఛానెల్లో స్క్రోల్ పడితే నిమిషంలో మనదాంట్లోనూ పడాలి, లేకపోతే ఇన్‌చార్జ్ కేకలు. ఎవరు కన్ఫర్మ్ చేశారని అడిగితే 'వాళ్ళు వేశారుగా' అంటాడు. వాళ్ళు ఎవర్ని చూసి వేశారో దేవుడికే తెలియాలి.

గోళీసోడా:
శంషాబాద్‌లో కరాచీ బేకరీ మీద దాడి చేశారు, అదీ మైండ్ గేమేనా? 😀

కృష్ణాతీరం:
మంచి ఉదాహరణ. దేశ విభజనలో సింధ్ వదిలి వచ్చిన హిందూ కుటుంబం 1953లో హైదరాబాద్‌లో పెట్టిన షాపు అది. పాకిస్తాన్ ఏర్పడటం వల్ల నష్టపోయినవాళ్ళ బోర్డు మీద పాకిస్తాన్ ఊరి పేరు ఉందని కోపం! పూంఛ్‌లో అయితే ఇంకా ఘోరం. పాక్ షెల్లింగ్‌లో చనిపోయిన మన టీచర్‌నే ఉగ్రవాదిగా చూపించారు, అక్కడి కోర్టు ఛానెళ్ళ మీద ఎఫ్ఐఆర్ కట్టమంది.

సికింద్రాబాద్_రవి:
బేకరీ సంగతి పోలీసులు చూసుకుంటారు. అదే రాత్రి మన సత్యసాయి జిల్లా కల్లి తండా కుర్రాడు మురళీ నాయక్ ఎల్‌ఓసీలో ప్రాణమిచ్చాడు, దాని మీద ఒక్క ముక్క రాయలేదు మీరు. డాన్ మీద ప్రేమ మాత్రం పొంగిపోతోంది.

కృష్ణాతీరం:
ఆ కుర్రాడి పేరు ఎత్తావు కాబట్టి చెప్తున్నా. అతను బోర్డర్‌లో కాల్పుల మధ్య ఉన్న గంటల్లో ఇక్కడ యాంకర్లు పాకిస్తాన్ పని అయిపోయిందని చప్పట్లు కొట్టారు. అవమానించింది నేనా వాళ్ళా?

సికింద్రాబాద్_రవి:
నువ్వు అంటున్నావా నన్ను? సరే. మీ ఇంట్లో యూనిఫాం వేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

బారువ_కుర్రోడు:
మా ఇంట్లో యూనిఫాం లేదు, వల ఉంది. చెప్పొచ్చా? 2018లో గుజరాత్ వేరావల్ నుంచి చేపల వేటకెళ్ళిన మా సిక్కోలు కలాసీలు పాక్ వాళ్ళకి చిక్కి కరాచీ జైల్లో పడ్డారు, వాళ్ళలో మా పెదనాన్న కొడుకూ ఉన్నాడు. ఒక ఛానెలోళ్ళు వచ్చి మా వదిన ముందు మైకు పెట్టి 'అక్కడ కొడుతున్నారంట కదా' అన్నారు. ఆవిడ ఏడ్చింది, అది వేశారు. 'మా ఊళ్ళో జెట్టీ ఉంటే గుజరాత్ దాకా ఎందుకెళ్తారు బాబూ' అని కూడా అంది, అది కోసేశారు. 2020 జనవరిలో వాఘా దగ్గర 20 మందిని వదిలారు. 2008లో రాసుకున్న ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న రెండు దేశాలూ ఖైదీల లిస్టులు ఇచ్చిపుచ్చుకుంటాయి. 2025 జూలైలో, అంత గొడవ తర్వాత కూడా ఇచ్చుకున్నాయి. అది ఏ టీవీలోనైనా ఎర్ర అక్షరాల్లో చూశారా? మాకు కావాల్సిన వార్త అది.

గోళీసోడా:
ఈ లిస్టుల సంగతి ఇప్పుడే వింటున్నా.

సికింద్రాబాద్_రవి:
సరే, అసలు విషయం చెప్తా. మా తమ్ముడు జమ్మూలో ఉన్నాడు. ఆ రాత్రి ఫోన్ కలవలేదు. అమ్మకి బీపీ, టీవీ ముందు నుంచి లేవదు. కరాచీ పోర్టు పోయిందని విన్నాక 'ఇంక అయిపోయిందిరా, వాడు వచ్చేస్తాడు' అని పడుకుంది. అబద్ధమే అనుకో, దాంతో ఆవిడ నిద్రపోయింది. మీరు ఏసీలో కూర్చుని నిజం నిజం అంటున్నారు, ఆ నిజం ఆ రాత్రి మా అమ్మకి ఎవరు చెప్పాలి, నేనా?

కృష్ణాతీరం:
తమ్ముడు క్షేమమేనా? అది ముందు చెప్పండి. కానీ మీ అమ్మగారి నిద్ర కోసం దేశం మొత్తానికి అబద్ధం చెప్పాలంటే మాత్రం ఒప్పుకోను.

సికింద్రాబాద్_రవి:
క్షేమం. ఒప్పుకోమని నేనూ అడగలేదు.

బారువ_కుర్రోడు:
రవి అన్నా, మీ అమ్మగారు పడుకున్నారు, మంచిదే. జైల్లో కొడుతున్నారని అదే టీవీ చెప్తే మా వదినకి అన్నయ్య వచ్చేదాకా నిద్ర లేదు. ఇంటికొచ్చాక వాడిని మేం మొదట అడిగింది కూడా దాని గురించే.

సికింద్రాబాద్_రవి:
కొట్టారా మరి?

బారువ_కుర్రోడు:
ఆ సంగతి ఇక్కడ రాయను. రాస్తే రేపు ఏదో ఛానెలోడు స్క్రీన్‌షాట్ తీసి వేస్తాడు.