మీటరు గేజి పోయాక మిగిలిన పాత స్టేషను: ఏది చూసి ఏం చెప్పొచ్చు?

లూప్‌లైను:
మీటరు గేజిని బ్రాడ్ గేజిగా మార్చేటప్పుడు, అంటే పట్టాల మధ్య దూరం పెంచేటప్పుడు, లైను పక్కకు జరిగి, పాత స్టేషను పొలాల మధ్య ఉండిపోయిన చోట్లు చాలానే ఉన్నాయి. వాటి ఫొటోలు పెట్టేవాళ్లు పట్టా మీదున్న సంవత్సరం చూసి అదే స్టేషను కట్టిన ఏడాది అని రాసేస్తున్నారు. నేల మీద మిగిలినవాటిలో ఏది నమ్మాలి?

కీమన్‌సుత్తి:
పట్టాని మాత్రం నమ్మొద్దు. మెయిన్ లైనులో అరిగిన పట్టా లూపుకి, అంటే స్టేషనులో పక్కనుండే లైనుకి వెళ్తుంది, అక్కణ్ణుంచి బళ్లు నిలబెట్టే సైడింగుకి, ఆఖరికి కంచె స్తంభమో కప్పు దూలమో అవుతుంది. దాని నడుము మీద ఉబ్బెత్తుగా ఉండేది రోలింగు గుర్తు. ‘60 ఆర్’ అంటే గజానికి 60 పౌండ్లు, మీటరుకు సుమారు 29.8 కిలోలు. పక్కనే తయారీ సంస్థ పేరు, నెల, సంవత్సరం ఉంటాయి. లోపలికి దిగిన అంకెలు వేరు, అవి ఉక్కు కరిగించిన దఫా నంబరు. చాలామంది దాన్నే ఏడాదిగా చదువుతారు. తుప్పులో అక్షరం కనబడకపోతే వైర్ బ్రష్‌తో గీకకండి. పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దండి, లేదా సాయంత్రం ఏటవాలు ఎండలో ఫొటో తీయండి. గుర్తు పూర్తిగా అరిగిపోయిందా? పట్టా ఎత్తు కొలవండి. 60 ఆర్ అయితే 114 మి.మీ., 75 ఆర్ 128, 90 ఆర్ 143 వరకు. తుప్పుకి ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా వస్తుంది.

హద్దురాయి:
రైల్వే కంపెనీ పేరు పొడి అక్షరాలు పట్టా కన్నా నయం, ముఖ్యంగా భూమిలో పాతిన హద్దురాళ్ల మీదివి. గుంటూరు–గుంతకల్ లైను వైపు ‘ఎం.ఎస్.ఎం.’ కనిపిస్తే అది 1908 తర్వాత, 1951కి ముందు పాతింది, ఎందుకంటే మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే ఉన్నదే ఆ మధ్యకాలంలో. నిజాం లైన్లలో ‘ఎన్.జి.ఎస్.ఆర్.’ (నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే) ఉంటే 1930కి ముందుది, ‘జి’ పోయి ‘ఎన్.ఎస్.ఆర్.’ అయ్యిందంటే ఆ తర్వాతది. దక్షిణ మధ్య రైల్వే పేరు 1966 అక్టోబరు 2కి ముందు ఉండే వీలే లేదు. ఇక బెంచీలు, గడియారాలు, లాంతర్లు ఎక్కణ్ణుంచైనా వచ్చి ఉంటాయి, వాటి మీది అక్షరాలు ఆ స్టేషను గురించి ఏమీ చెప్పవు.

లూప్‌లైను:
పట్టాలు, వాటి కింది అడ్డ దిమ్మెలు (స్లీపర్లు) రెండూ ఎత్తేసిన చోట ఏ గేజో ఎలా తేల్చాలి?

కీమన్‌సుత్తి:
చుట్టుపక్కల పొలం గట్లు, పశువుల పాకలు చూడండి. పాత చెక్క స్లీపర్లు ఎక్కువగా అక్కడే తేలతాయి. పొడవు 1.83 మీటర్లుంటే మీటరు గేజి, 2.75 ఉంటే బ్రాడ్ గేజి, 1.5 ఉంటే 762 మి.మీ. నారో గేజి. కోసి వాడిన ముక్క అయితే పొడవు పనికిరాదు, మందం చూడాలి: మీటరు గేజిది 115 మి.మీ., బ్రాడ్ గేజిది 130.

కట్టమీద_కంకర:
అసలు సాక్ష్యం రైలు కట్టా, దాని కింది తూములే అంటాను. అవి ఎవరూ మోసుకుపోలేరు. ఉపగ్రహ చిత్రంలో వంపు చూడండి: రోడ్డు ఎక్కడికక్కడ మలుపు తిరుగుతుంది, రైలు కట్ట నెమ్మదిగా, ఒకే తీరుగా వంగుతుంది. కట్టకి మట్టి తవ్విన గుంటలు వరసగా ఉంటాయి, వానాకాలం తర్వాత తీసిన చిత్రంలో అవి నీళ్లతో మెరుస్తాయి. కట్ట ఒక్కసారిగా వెడల్పయి మళ్లీ సన్నబడిందంటే లూపులుండేది అక్కడే. ఆ వెడల్పు పొడవునా నడిస్తే ప్లాట్‌ఫాం గోడ తగులుతుంది. తూము గోడ మీద వంతెన నంబరు, కొన్నిచోట్ల సంవత్సరం చెక్కి ఉంటాయి. తర్వాత పొడిగించిన తూము అయితే రెండు రకాల రాతి కట్టుబడి మధ్య నిలువు అతుకు కనబడుతుంది, తేదీ ఏ సగంలో ఉందో రాసుకోండి.

హద్దురాయి:
నీళ్ల ట్యాంకుని మరిచిపోయారు. నొక్కుడు ఉక్కు పలకలతో బిగించినదైతే ఒక్కో పలక 4 అడుగుల చదరం. పలకలు లెక్కపెడితే చాలు, టేపు అక్కర్లేదు. 4 అడుగుల ఘనం ఒక్కోటి దాదాపు 1,800 లీటర్లు. ఎక్కడానికి నిచ్చెన వాడొద్దు, కింది బోల్టులనే తుప్పు ముందు తినేసి ఉంటుంది.

డంగుసున్నం:
భవనం గురించి నాదొక గొడవ. ఊళ్లో ఎవరో మంచి మనసుతో సిమెంటు పూస్తారు, అక్కడితో గోడ పని అయిపోతుంది. సున్నం గోడ లోపలి తడిని బయటికి వదులుతుంది, సిమెంటు అడ్డుపడుతుంది. తడితో వచ్చిన ఉప్పు ఇటుకలోనే గడ్డకట్టి ముఖం పొరలుపొరలుగా ఊడుతుంది. ఇటుకల మధ్య అతుకు వెడల్పుకి రెండింతల లోతు దాకా పాత సున్నం చేత్తో తీసి, కడిగి, తడిపి, ఒక వంతు సున్నం మూడు వంతుల ఇసుకతో నింపాలి. వారం రోజులైనా తడి గోనె కప్పాలి, లేకపోతే పొడిగా రాలిపోతుంది.

కట్టమీద_కంకర:
కప్పులో పాత పట్టాలు దూలాలుగా ఉండి, మధ్యలో ఇటుక కమాను ఉన్నవాటికీ ఇదేనా?

డంగుసున్నం:
కాదండీ. అక్కడ ముందు నీటి కారుడు ఆపాలి. పట్టా తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఉబ్బి ఇటుకని పక్కకు నెడుతుంది. పట్టా వెంబడి పొడవాటి చీలిక కనబడితే దాని కింద నిలబడొద్దు. గోడలో రావి మొక్క ఉంటే పీకకండి, వేరుతో పాటు రాయి వస్తుంది. మొదలు కోసి, కోత పచ్చిగా ఉండగానే కలుపు మందు రాసి, వేరు చచ్చాక ఆ సందు సున్నంతో నింపాలి.

హద్దురాయి:
ఇవన్నీ అనుమతి ఉంటేనే. లైను మూసినా స్థలం రైల్వేదే. అనుమతి లేకుండా వెళ్తే 1989 రైల్వే చట్టం 147వ సెక్షను కింద ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పట్టాల్ని కలిపే ఫిష్‌ప్లేటు ఒక్కటి సంచిలో వేసుకున్నా రైల్వే ఆస్తిని అక్రమంగా దగ్గర పెట్టుకోవడం మీద 1966 చట్టం వేరే ఉంది, మొదటిసారికే ఐదేళ్ల దాకా జైలు. డివిజను కార్యాలయానికి రాసేటప్పుడు కిలోమీటరు నంబరు, పాత స్టేషను కోడు, ఏ రోజు వెళ్తారో, ఎంతమందో వేయండి. ‘హెరిటేజ్ ఫొటోల కోసం’ అని మాత్రమే రాస్తే ఆ కాగితం ఏ విభాగానికి పంపాలో వాళ్లకే తెలియక ఆగిపోతుంది.