పెళ్లి పిలుపు పేరుతో వచ్చిన ఏపీకే ఇన్‌స్టాల్ అయింది. తీసేస్తే సరిపోతుందా?

ప్రశ్న: చెరువుగట్టు

నాన్నగారి ఫోన్, ఆండ్రాయిడ్ 13. నిన్న సాయంత్రం ఊరి వాట్సాప్ గ్రూపులో, తెలిసినాయన నంబర్ నుంచే, "పెళ్లి పిలుపు" అని ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్ లేకుండా నేరుగా యాప్ ఎక్కించే ఫైల్) వచ్చింది. తెరిస్తే "అప్‌డేట్ చేయండి" అని ఒక్కటే బటన్. అది నొక్కాక ఇంకేదో ఇన్‌స్టాల్ అయి ఎస్సెమ్మెస్ అనుమతి అడిగిందట, ఇచ్చేశారు. ఆ తర్వాత ఐకాన్ కనబడలేదు. రాత్రి యాప్‌ల జాబితాలో ఆ పేరుతో ఉన్నదాన్ని నేను అన్‌ఇన్‌స్టాల్ చేశాను. ఖాతాలో డబ్బు ఇప్పటిదాకా కదల్లేదు. ఫోన్‌లో రెండు యూపీఐ యాప్‌లు, ఒక బ్యాంకు యాప్, జీమెయిల్, డిజీలాకర్ ఉన్నాయి.

ఇంకా ఏమైనా మిగిలి ఉంటుందా? ఫ్యాక్టరీ రీసెట్ (అన్నీ చెరిపేసి ఫోన్‌ని కొత్తదానిలా చెయ్యడం) తప్పదా, మంచి యాంటీవైరస్ వేస్తే చాలా? ఇంట్లో అదే వైఫైలో నా ల్యాప్‌టాప్ ఉంది, దానికేమైనా ప్రమాదమా?

జవాబు: ర్యామ్‌బాబు

మీరు తీసేసింది బహుశా డబ్బా మాత్రమే. సరుకు లోపలే ఉండి ఉంటుంది.

ఇలాంటివి రెండు యాప్‌లుగా వస్తాయి. మొదటిదానికి పెళ్లి కార్డో, చలానో, పీఎం కిసానో ఏదో ఒక పేరు. దాని పని "అప్‌డేట్" అని చెప్పి రెండోదాన్ని దించడం, అంతే. ఎస్సెమ్మెస్ అనుమతి తీసుకున్నది ఆ రెండోది. దానికి ఐకాన్ ఉండదు. పేరు "సిస్టమ్ సర్వీస్" లాగానో, ఏకంగా ఖాళీగానో ఉంటుంది. ఇలా రెండు మెట్లుగా రావడానికి ఇంకో కారణం ఉంది. ఆండ్రాయిడ్ 13 నుంచి బయటి ఏపీకేలకు యాక్సెసిబిలిటీ (తెర మీదివి చదివి, మన బదులు నొక్కే వీలు), నోటిఫికేషన్ అనుమతులు నేరుగా దొరకవు, "రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్" అని అడ్డుపడుతుంది. ఒక యాప్ లోపలి నుంచి, యాప్ స్టోర్లు వాడే పద్ధతిలో ఇంకో యాప్‌ని దించితే ఆ అడ్డు తగలదు.

ముందు చెయ్యాల్సింది వెతకడం కాదు. ఫోన్‌లో డేటా, వైఫై ఆపి, సిమ్ బయటికి తీసి ఇంకో మంచి ఫోన్‌లో వెయ్యండి. డేటా ఒక్కటే ఆపితే లాభం లేదు, ఈ యాప్‌లలో చాలావాటికి వచ్చిన ఓటీపీని మామూలు ఎస్సెమ్మెస్‌గా ముందుకు పంపడం కూడా తెలుసు. సిమ్ మారిస్తే అది ఆగుతుంది, బ్యాంకు సందేశాలూ మీ కళ్లముందుకే వస్తాయి.

ఇప్పుడు వెతకండి. సెట్టింగ్స్‌లో యాప్స్‌కి వెళ్లి పూర్తి జాబితా తెరవండి. అనుమానం ఉన్న ప్రతిదాని పేజీలో అడుగుకి దిగితే అది ఎక్కడి నుంచి ఇన్‌స్టాల్ అయిందో ఉంటుంది. ప్లే స్టోర్ అనో, ఫోన్ కంపెనీ సొంత స్టోర్ అనో లేకుండా "ప్యాకేజ్ ఇన్‌స్టాలర్" అనో, ఏమీ లేకుండానో ఉంటే పట్టుకోండి. తర్వాత ఈ చోట్లు చూడండి: యాక్సెసిబిలిటీలో డౌన్‌లోడెడ్ యాప్స్, నోటిఫికేషన్ యాక్సెస్, డిస్‌ప్లే ఓవర్ అదర్ యాప్స్, డివైస్ అడ్మిన్ యాప్స్, డిఫాల్ట్ ఎస్సెమ్మెస్ యాప్, వీపీఎన్ (ఫోన్ నెట్ అంతా తన గుండా మళ్లించే ఏర్పాటు). వీపీఎన్ ఎందుకంటే, కొన్ని నకిలీ యాప్‌లు ప్లే ప్రొటెక్ట్ (యాప్‌లని తనిఖీ చేసే గూగుల్ సొంత ఏర్పాటు) తన సర్వర్‌ని అందుకోకుండా అడ్డుకోవడానికి ఆ అనుమతి అడుగుతాయి.

అన్‌ఇన్‌స్టాల్ బటన్ నొక్కడానికి వీల్లేకుండా వెలిసిపోయి ఉంటే అది డివైస్ అడ్మిన్‌గా కూర్చున్నట్టు. ఆ జాబితాలో టిక్ తీసేసి మళ్లీ ప్రయత్నించండి. సెట్టింగ్స్ తెరవగానే మూసేస్తుంటే సేఫ్ మోడ్‌లోకి వెళ్లండి. పవర్ మెనూలో "పవర్ ఆఫ్"ని నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో వస్తుంది. అక్కడ మనం వేసుకున్న యాప్‌లేవీ నడవవు.

ల్యాప్‌టాప్ సంగతి: ఈ రకం యాప్‌లు వైఫై మీద పాకవు. పాకేది వాట్సాప్ మీద. మీ నాన్నగారి నంబర్ నుంచి ఇప్పటికే ఇంకో గ్రూపుకి అదే కార్డు వెళ్లిందేమో చూసి, వెళ్లుంటే అందరికీ చెప్పండి.

జవాబు: ఖాతాపుస్తకం

పైన చెప్పింది ఫోన్ గురించి. నాకు ఫోన్ కంటే ఖాతా గురించి భయం ఎక్కువ, ఎందుకంటే ఎస్సెమ్మెస్ అనుమతితో దొంగకి ఓటీపీ ఒక్కటే చేతికి రాదు.

యూపీఐ యాప్‌ని కొత్త ఫోన్‌లో మొదలుపెడితే మన సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ వెళ్తుంది కదా. అది ఏ నంబర్ నుంచి వచ్చిందో చూసే ఈ ఫోన్ ఖాతాదారుడిదేనని అవతల నమ్ముతారు. ఎస్సెమ్మెస్ పంపే అనుమతి ఉన్న యాప్ ఆ సందేశాన్ని మీ నాన్నగారి సిమ్ నుంచి పంపగలదు. దాంతో ఆయన ఖాతా దొంగ ఫోన్‌లోని యూపీఐ యాప్‌లో కనబడుతుంది. ఇక మిగిలింది పిన్. కొత్త పిన్ పెట్టాలంటే డెబిట్ కార్డు చివరి 6 అంకెలు, ఎక్స్‌పైరీ నెల, సంవత్సరం, ఓటీపీ కావాలి. కొన్ని బ్యాంకుల్లో ఏటీఎం పిన్ కూడా. లేదా ఆధార్ దారిలో వెళ్తే ఆధార్ మొదటి 6 అంకెలు, ఓటీపీ. ఓటీపీలు ఎలాగూ చేతికొస్తున్నాయి. అందుకని నాన్నగారిని రెండు సంగతులు నిదానంగా అడగండి. ఆ యాప్‌లో ఏ ఫారమైనా నింపారా? గ్యాలరీలో ఆధార్, కార్డు ఫొటోలు ఉన్నాయా, ఆ యాప్‌కి ఫొటోల అనుమతి ఇచ్చారా? కోప్పడుతూ అడిగితే నిజం రాదు.

ఇలా జరిగిందో లేదో పట్టుకోవడానికి ఒక దారి: సిమ్ కంపెనీ యాప్‌లో వాడకం వివరాలు తెరిచి, నిన్న సాయంత్రం నుంచి బయటికి వెళ్లిన ఎస్సెమ్మెస్‌లు చూడండి. ఆయన పంపనివి, తెలియని నంబర్లకు వెళ్లినవి కనిపిస్తే, ఫోన్‌లోని సెంట్ పెట్టెలో లేకపోయినా సరే, పని మొదలైనట్టే లెక్క.

డబ్బు కదల్లేదని ఊరుకోవద్దు. బ్యాంకు సందేశాలు చదివే యాప్‌కి ఖాతాలో ఎంతుందో, ఎప్పుడు పడుతుందో తెలుస్తుంది. పింఛనో, ధాన్యం డబ్బులో పడే రోజు దాకా ఆగినా ఆగుతారు. కార్డు వెనకాల ఉన్న నంబర్‌కి ఫోన్ చేసి మూడు పనులు చేయించండి: డెబిట్ కార్డు బ్లాక్, ఖాతా మీద యూపీఐ డీరిజిస్టర్, నెట్ బ్యాంకింగ్ లాక్. గూగుల్‌లో వెతికి దొరికిన కస్టమర్ కేర్ నంబర్‌కి మాత్రం చెయ్యొద్దు, అది ఇంకో గొయ్యి. ఫిర్యాదు నంబర్, సమయం రాసి పెట్టుకోండి.

ఆ సమయం ఎందుకంటే, ఆర్బీఐ 2017లో తెచ్చిన నిబంధన ప్రకారం ఖాతాదారుడి అజాగ్రత్త వల్ల పోయిన డబ్బు బ్యాంకుకి చెప్పేదాకా ఖాతాదారుడిదే నష్టం. చెప్పిన తర్వాత పోయింది బ్యాంకుదే. అందుకే డబ్బు పోకముందే చెప్పిన రుజువుకి విలువ ఉంది.

ఒకవేళ పోతే వెంటనే 1930 (సైబర్ మోసాల హెల్ప్‌లైన్). వాళ్లు అడిగేవి లావాదేవీ తేదీ, సమయం, మొత్తం, 12 అంకెల యూటీఆర్ (లావాదేవీ గుర్తింపు) నంబర్. అవి దగ్గర పెట్టుకుని ఫోన్ చేస్తే డబ్బు వెళ్లిన ఖాతాని ఆపే అవకాశం ఉంటుంది. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో రాతపూర్వకంగా ఇవ్వాలి.

ఇవన్నీ అయ్యాక కాల్ ఫార్వర్డింగ్ కూడా ఒకసారి. 2024 ఏప్రిల్ 15 నుంచి టెలికాం శాఖ *401# లాంటి డయల్ కోడ్‌లతో ఫార్వర్డింగ్ పెట్టడాన్ని ఆపించింది కాబట్టి ఫోన్ యాప్ సెట్టింగ్స్‌లోనే చూడండి. "ఆల్వేస్ ఫార్వర్డ్" దగ్గర ఏ నంబరూ ఉండకూడదు. "అన్‌రీచబుల్" దగ్గర సిమ్ కంపెనీ పెట్టిన నంబర్ కొన్నిసార్లు ఉంటుంది, దానికి కంగారు అక్కర్లేదు.

జవాబు: పాతచిప్

ఇంత హడావుడి దేనికండి? మంచి యాంటీవైరస్ ఒకటి వేసి స్కాన్ చేస్తే దొరికిపోతుంది. రీసెట్ అంటే పెద్దవాళ్లకి వారం రోజులు ఫోన్ అర్థం కాదు.

జవాబు: ర్యామ్‌బాబు

ఆండ్రాయిడ్‌లో యాంటీవైరస్ కూడా మామూలు యాప్ లాంటిదే. పక్క యాప్ ఫైల్‌ని తెలిసినవాటితో పోల్చగలదు గానీ, దాని లోపలి డేటాలోకి వెళ్లి చూడలేదు. ఈ ఏపీకేలని పేరు మార్చి, సంతకం మార్చి మళ్లీ మళ్లీ కడుతుంటారు. "ఏమీ దొరకలేదు" అంటే ఏమీ లేదని అర్థం కాదు. ప్లే ప్రొటెక్ట్ స్కాన్ ఉచితం, అది చెయ్యండి, దాని మాట చివరి మాట అనుకోకండి. ఎస్సెమ్మెస్ అనుమతి ఇచ్చిన ఫోన్‌లో బ్యాంకు యాప్ వాడాలంటే నేనైతే రీసెట్ లేకుండా ఒప్పుకోను.

జవాబు: తాళంచెవి

రీసెట్‌కే నా ఓటు. కానీ వరస తప్పితే కొత్త తలనొప్పులు వస్తాయి.

డబ్బు పోయి ఉంటే ఆగండి, ముందు ఫిర్యాదు. ఆ ఏపీకే వచ్చిన చాట్, పంపిన నంబర్, యాప్ పేజీ, అనుమతులు అన్నీ ఇంకో ఫోన్‌తో ఫొటో తియ్యండి. రీసెట్ చేశాక అవేమీ ఉండవు.

పాస్‌వర్డ్‌లు ఇంకో ఫోన్ నుంచో ల్యాప్‌టాప్ నుంచో మార్చండి, ఆ ఫోన్ నుంచి వద్దు. గూగుల్ ఖాతాలో సెక్యూరిటీలోకి వెళ్లి తెలియని పరికరాల్ని సైన్ అవుట్ చేసి, ఆపైన కొత్త పాస్‌వర్డ్. టూ స్టెప్‌ని (పాస్‌వర్డ్ తర్వాత అడిగే రెండో తనిఖీని) ఎస్సెమ్మెస్ మీద వదిలేయకుండా 10 బ్యాకప్ కోడ్‌లు తీసి కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ చూసి తెలియనివి లాగ్ అవుట్, తర్వాత టూ స్టెప్ వెరిఫికేషన్‌లో 6 అంకెల పిన్. ఈ పిన్ మనం పెట్టకపోతే నంబర్ లాక్కున్నవాడు పెడతాడు, అప్పుడు మనం 7 రోజులు బయటే.

రీసెట్‌కి ముందు గూగుల్ పాస్‌వర్డ్ నిజంగా పనిచేస్తుందో లేదో సరిచూసుకోండి. రీసెట్ తర్వాత పాత ఖాతా అడిగి ఫోన్ మొరాయించేది ఇక్కడే, సర్వీస్ సెంటర్లో బిల్లు చూపించమంటారు.

ఫొటోల కోసం కేబుల్‌తో డీసీఐఎం (కెమెరా ఫొటోలుండే) ఫోల్డర్, వాట్సాప్ ఇమేజెస్, వీడియో ఫోల్డర్లు మాత్రం కాపీ చెయ్యండి. వాట్సాప్ మొత్తం ఫోల్డర్ ఎత్తి పెట్టుకోవద్దు, ఆ ఏపీకే "వాట్సాప్ డాక్యుమెంట్స్"లో అలాగే ఉంటుంది. ఫోన్ కంపెనీల క్లోన్ యాప్‌లతో పాత ఫోన్ నుంచి కొత్తదానికి మార్చడం ఇంకా ప్రమాదం, అవి యాప్‌లని ఏపీకేతో సహా మోసుకొస్తాయి. గూగుల్ బ్యాకప్ నుంచి తెచ్చుకుంటే ప్లే స్టోర్‌లో ఉన్నవే వస్తాయి.

రీసెట్ అయ్యాక ఈ కాసిన్ని పనులు. వాట్సాప్, క్రోమ్, ఫైల్స్ మూడింటికీ "ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్" అనుమతి లేదని చూడండి. వాట్సాప్‌లో స్టోరేజ్ అండ్ డేటాలోకి వెళ్లి డాక్యుమెంట్ల ఆటో డౌన్‌లోడ్ తీసెయ్యండి. శాంసంగ్ అయితే, ఆండ్రాయిడ్ 14 అప్‌డేట్ వచ్చాక ఆటో బ్లాకర్ ఆన్ చెయ్యండి (13లో అది లేదు), అది ఉన్నంతసేపూ బయటి ఏపీకే ఎక్కదు. ఆండ్రాయిడ్ 16 ఫోన్లలో అడ్వాన్స్‌డ్ ప్రొటెక్షన్ అని ఇంకా గట్టిది ఉంది, మీ 13లో లేదు.

చెరువుగట్టు

అందరికీ ధన్యవాదాలు. రెండో యాప్ దొరికింది. పేరు లేదు, గేరు గుర్తు ఒక్కటే. డివైస్ అడ్మిన్‌లో ఉంది, టిక్ తీశాక పోయింది. ఫారం ఏదీ నింపలేదంటున్నారు గానీ గ్యాలరీలో ఆధార్ ఫొటో ఉంది, ఫొటోల అనుమతి కూడా ఇచ్చారు. కార్డు, యూపీఐ బ్లాక్ చేయించాను. ఆధార్ బయోమెట్రిక్ లాక్ చెయ్యమని ఇంకోచోట చదివాను, చెయ్యాలా?

జవాబు: ఖాతాపుస్తకం

ఫొటో వల్ల వేలిముద్ర పోదు. కాబట్టి ఈ ఘటనకి దానికీ నేరుగా సంబంధం లేదు, అయినా మంచి అలవాటే. ఆధార్‌తో డబ్బు తీసే మోసాలకి వేలిముద్ర నకళ్లు వాడతారు, లాక్ ఉంటే అవి చెల్లవు.

చిక్కల్లా రేషన్ దుకాణంలో, పింఛను దగ్గర వస్తుంది. లాక్ ఉన్నప్పుడు వేలు పెడితే మెషీన్ మీద 330 అని ఎర్రర్ పడుతుంది. డీలర్ "వేలు అరిగిపోయింది, తుడిచి పెట్టు" అంటూ పదిసార్లు పెట్టిస్తాడు. అరిగింది కాదు, లాక్ అయింది. ఆధార్ అధికారిక యాప్‌లో తాత్కాలికంగా తెరిస్తే 10 నిమిషాలు తెరిచి ఉంటుంది, మళ్లీ దానంతటదే మూసుకుంటుంది. లైన్లో తన వంతు వచ్చాక తెరవమని చెప్పండి, ఇంటి దగ్గరే తెరుచుకుని వెళ్తే దుకాణం చేరేలోపే మూసుకుపోతుంది. తెరవడానికి ఓటీపీ ఆధార్‌కి లింకయిన నంబర్‌కే వస్తుంది కాబట్టి ఆ సిమ్ ఆయన జేబులోని ఫోన్‌లోనే ఉండాలి. నెలనెలా ఇది ఆయన వల్ల కాదనుకుంటే లాక్ జోలికి పోకండి, గ్యాలరీలో ఆ ఫొటో తీసేసి, ట్రాష్‌లోంచి కూడా తీసెయ్యండి.